బిల్లు లేని సరుకు: కండల మందుల చీకటి బజారుపై తరచుగా అడిగే ప్రశ్నలు

మందుల దుకాణం కౌంటరు వెనుక చాలా ఏళ్లుగా నిలబడుతున్నవాణ్ని. చీటీ లేకుండా వచ్చి, పక్కవాళ్లు వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగే మందులు ప్రతి దుకాణంలోనూ కొన్ని ఉంటాయి. ఒకప్పుడు అవి నిద్ర మాత్రలు, దగ్గు సిరప్‌లు. ఇప్పుడు ఆ వరుసలో కండల ఇంజెక్షన్లు చేరాయి. అడిగేవాళ్లలో ఎక్కువమంది ఇంకా మీసకట్టు కుదురుకోని కుర్రాళ్లు. అప్పుడప్పుడు వాళ్ల తల్లులూ వస్తారు, కొడుకు జిమ్ సంచిలో దొరికిన సీసాను కొంగులో చుట్టుకొని. ఆ కౌంటరు దగ్గర మళ్లీ మళ్లీ విన్న ప్రశ్నలివి. ఏ మందు ఎంత వేసుకోవాలి, ఎక్కడ దొరుకుతుంది అన్న సంగతులు ఇక్కడ వెతకవద్దు.

స్టెరాయిడ్ అంటే ఆస్తమాకు ఇచ్చేదే కదా? డాక్టర్లే రాస్తుంటే భయమెందుకు?

రెండింటికీ ఇంటిపేరు ఒకటే, కుటుంబాలు వేరు. ఆస్తమాకు, కీళ్లవాతానికి, చర్మవ్యాధులకు డాక్టర్లు రాసే ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, ఇన్‌హేలర్లలోని బుడెసొనైడ్ వంటివి కార్టికోస్టెరాయిడ్లు. వాపును, మంటను తగ్గించడం వాటి పని. మాత్రలుగా ఎక్కువ కాలం, ఎక్కువ మోతాదులో వాడితే అవి కండను కరిగిస్తాయి కూడా. జిమ్‌లో మాట్లాడుకునేవి అనబాలిక్ స్టెరాయిడ్లు. టెస్టోస్టెరాన్ అనే పురుష హార్మోను, దాన్ని కొద్దికొద్దిగా మార్చి తయారుచేసిన దాని చుట్టాలు.

ఈ గందరగోళం రెండు వైపులా ముంచుతోంది. "అందులో స్టెరాయిడ్ ఉందట" అని ఇన్‌హేలర్ మానేసి, ఆయాసంతో ఆసుపత్రిలో చేరిన పెద్దావిడ నాకు తెలుసు. "డాక్టర్లే రాస్తారు కదా" అంటూ ఎవరో ఇచ్చిన సీసాను ధైర్యంగా ఎక్కించుకున్న కుర్రాడూ తెలుసు.

ఈ బజారులో ఏమేమి అమ్ముతారు?

పెద్ద వాటా అనబాలిక్ స్టెరాయిడ్లదే: టెస్టోస్టెరాన్, నాండ్రోలోన్, స్టానొజొలోల్, మెథాండియెనోన్ వగైరా. అమెరికాలో పశువులను బలిపించడానికి చెవి చర్మం కింద పెట్టే ట్రెన్‌బొలోన్‌ను కూడా మనుషులు ఎక్కించుకుంటున్నారు. వీటికి తోడు గ్రోత్ హార్మోన్, ఇన్సులిన్, కొవ్వు కరిగిస్తుందని చెప్పే క్లెన్‌బ్యూటరాల్. 'స్టెరాయిడ్ కాదు, సురక్షితం' అనే మాటతో అమ్మే సార్మ్‌లు (కండ మీద టెస్టోస్టెరాన్ లాగే పనిచేసేలా తయారుచేసిన రసాయనాలు) మరో రకం. ఆస్టరిన్, లిగాండ్రోల్ వంటి ఈ సార్మ్‌లు పరిశోధన దశ దాటి మందుల దుకాణానికి రానే లేదు. 2023లో స్ప్రింటర్ ద్యుతీ చంద్‌పై నాలుగేళ్ల నిషేధం పడింది వీటివల్లే.

బలం కోసం వాడేవి కొన్ని, అందం కోసం వాడేవి కొన్ని. ఎండ తక్కువగా ఉండే దేశాల్లో తెల్లవాళ్లు ఒళ్లు గోధుమరంగుకు తిరగాలని మెలనోటాన్ ఇంజెక్షన్ దొంగచాటుగా కొంటారు. మన దగ్గర ఒళ్లు తెల్లబడాలని గ్లూటాథియోన్ ఎక్కించుకుంటారు. ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టి మాట్లాడిస్తే బాగుండునని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

కంపెనీలు తయారుచేసే మందులే కదా! మరి చీకటి బజారు ఎలా పుట్టింది?

టెస్టోస్టెరాన్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది 1935లో. ఆ రసాయన శాస్త్రానికి బూటెనాంట్, రుజిచ్కాలకు 1939లో నోబెల్ కూడా వచ్చింది. 1958లో సీబా కంపెనీ డయానబాల్ పేరుతో మెథాండియెనోన్ మాత్రను అమెరికా బజారులోకి తెచ్చింది. జాన్ జీగ్లర్ అనే వైద్యుడు దాన్ని అక్కడి వెయిట్‌లిఫ్టర్లకు ఇచ్చి చూశాడు. అక్కడి నుంచి అది జిమ్ములకు పాకడానికి ఎంతో కాలం పట్టలేదు. తూర్పు జర్మనీ అయితే ప్రభుత్వమే పథకం వేసి, ఆడపిల్లలతో సహా క్రీడాకారులకు 'విటమిన్లు' అని చెప్పి ఓరల్ ట్యురినబాల్ మాత్రలు మింగించింది.

1988 సియోల్ ఒలింపిక్స్‌లో 100 మీటర్లను 9.79 సెకన్లలో పరుగెత్తిన బెన్ జాన్సన్ మూత్రంలో స్టానొజొలోల్ దొరికింది. ఆ గగ్గోలు తర్వాత అమెరికా 1990లో చట్టం చేసి అనబాలిక్ స్టెరాయిడ్లను నియంత్రిత మాదకద్రవ్యాల జాబితాలో చేర్చింది. డాక్టర్లు చేతులు వెనక్కి తీసుకున్నారు, కొనేవాళ్లు మాత్రం తగ్గలేదు. ఆ ఖాళీని మొదట మెక్సికో నింపింది. పశువుల మందుల పేరుతో తయారై, సరిహద్దు దాటి వచ్చిన సీసాలే ఒక దశలో అమెరికాను ముంచెత్తాయి. 2005 డిసెంబరులో అమెరికా మాదకద్రవ్యాల నిరోధక సంస్థ మెక్సికోలోని ఎనిమిది పెద్ద తయారీదారుల మీద దెబ్బ కొట్టింది. దెబ్బ బాగానే తగిలింది. అయితే బజారు మూతపడలేదు, ముక్కలైంది. చైనా నుంచి ముడిపొడి తెప్పించుకొని వంటింట్లో, గ్యారేజీలో సీసాలు నింపేవాళ్లు ఊరికొకరు పుట్టుకొచ్చారు. 2007 సెప్టెంబరులో అదే సంస్థ మళ్లీ దాడులు చేసినప్పుడు ఒక్క అమెరికాలోనే 56 దొంగ ల్యాబులు మూయించి 124 మందిని అరెస్టు చేసింది. రెండేళ్ల ముందు ఎనిమిది తలలున్న పాము, ఇప్పుడు ఇన్ని తలలతో కనిపించింది.

'అండర్‌గ్రౌండ్ ల్యాబ్' అంటే నిజంగా ల్యాబ్ ఉంటుందా?

పేరు గంభీరంగా ఉంటుంది. పోలీసులు బయటపెట్టిన ఫోటోల్లో కనిపించేది ఎక్కువగా ప్లాస్టిక్ డబ్బాలు, వంటనూనె లాంటి ద్రవం, సీలు వేసే చేతిమిషను, గోడవారగా పెట్టెలు. మందుల కంపెనీలో ఇంజెక్షన్ సీసా నింపాలంటే గాలిని కూడా వడకట్టిన గది, ప్రతి బ్యాచ్‌కూ క్రిమిరహిత పరీక్ష, ఆ పరీక్ష కాగితం మీద సంతకం పెట్టే బాధ్యుడు ఉండాలి. ఇక్కడ ఆ మూడూ ఉండవు. లేబుల్ మాత్రం ఉంటుంది. ఇంకా చెప్పాలంటే లేబుల్ మీదే ఎక్కువ ఖర్చు పెడతారు: మెరిసే స్టిక్కరు, జర్మన్ పేరులా వినిపించే కంపెనీ పేరు, సింహమో డేగో బొమ్మ.

చిల్లర వ్యాపారమే అనుకోవడానికి లేదు. 2019 జూలైలో ఐరోపా దేశాల పోలీసు సంస్థ యూరోపోల్ ప్రకటించిన 'విరిబస్' దాడుల్లో 33 దేశాలు పాలుపంచుకున్నాయి. ఇటలీ, గ్రీస్ పోలీసులు ముందుండి నడిపిన ఆ దాడుల్లో 234 మంది అరెస్టయ్యారు. దొరికిన ముడి స్టెరాయిడ్ పొడి 24 టన్నులు. ఒక్కో సీసాలో పట్టేది కొన్ని గ్రాములే. ఆ లెక్క వేస్తే ఎన్ని లక్షల సీసాలవుతాయో మీరే చూసుకోండి.

సీసా మీద రాసినదే లోపల ఉంటుందా?

కొన్నిసార్లు ఉంటుంది. ఆ 'కొన్నిసార్లు' అనేదే అసలు చిక్కు.

అమెరికాలో ఇంటర్నెట్‌లో సార్మ్‌ల పేరుతో అమ్ముతున్న 44 ఉత్పత్తులను కొని పరీక్షించి, 2017లో అక్కడి వైద్య సంఘం పత్రికలో ఫలితాలు ప్రచురించారు. నిజంగా సార్మ్ ఉన్నవి 52 శాతమే. 39 శాతంలో అనుమతి లేని వేరే మందు ఉంది. పావు వంతు ఉత్పత్తుల్లో లేబుల్ మీద రాయని పదార్థాలు దొరికాయి. నాలుగింటిలో ఏ మందూ లేదు. ఏ మందూ లేనిది కొన్నవాడే వాళ్లందరిలో అదృష్టవంతుడు.

మోసం వెనుక లెక్క సులభం. ఖరీదైన మందు పేరు రాస్తారు, చవకైన మందు నింపుతారు. ఆక్సాండ్రొలోన్ ఖరీదెక్కువ, ఆడవాళ్లకు కాస్త 'మెత్తన' అని పేరు. అదే లేబుల్ కింద చవకైన మెథాండియెనోన్ మాత్రలు దొరికిన సందర్భాలు బోలెడు. మగవాడికి అది డబ్బు నష్టంతో పోవచ్చు. మెత్తనిదని నమ్మి వేసుకున్న ఆడపిల్లకు గొంతు బొంగురుపోతే, మందు మానేశాక కూడా ఆ గొంతు పూర్తిగా వెనక్కి రాదు.

లోపలి మందు సరైనదే అయినా శుభ్రతకు హామీ లేదు. సూది గుచ్చిన చోట చీము గడ్డ కట్టి, కోసి శుభ్రం చేయించుకునేదాకా పోయిన కేసులు ప్రతి దేశంలోనూ ఉన్నాయి.

హోలోగ్రామ్, గీకితే వచ్చే కోడ్ ఉంటే నిజమైనదేనా?

ఆ కోడ్ కొట్టి చూసే వెబ్‌సైటు ఎవరిదో చూశారా? అమ్మినవాడిదే.

హైదరాబాదులో తరచుగా పట్టుబడుతున్న ఆ బీపీ ఇంజెక్షన్ సంగతి ఏమిటి?

మెఫెంటర్‌మిన్. వెన్నులో మత్తు ఇచ్చి ఆపరేషన్ చేసేటప్పుడు రోగికి రక్తపోటు పడిపోతే, పైకి లేపడానికి మత్తు డాక్టరు చేతిలో ఉండాల్సిన మందు. దాన్ని జిమ్ముల చుట్టూ అమ్ముతూ పట్టుబడినవాళ్ల వార్తలు తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారుల దాడుల తర్వాత, పోలీసుల దాడుల తర్వాత పత్రికల్లో తరచుగానే వస్తున్నాయి. నిజం చెప్పాలంటే, నా దృష్టిలో మన ఊళ్లలో స్టెరాయిడ్ల కన్నా ముందు భయపడాల్సింది దీనికే.

ఎందుకంటే ఇది కండ పెంచదు. ఉత్తేజకం మాత్రమే. అలసటను కప్పిపెడుతుంది, గుండెను పరుగెత్తిస్తుంది, 'ఈ రోజు బాగా ఎత్తాను' అనే ఊపు ఇస్తుంది. ఆ ఊపు లేకుండా మర్నాడు జిమ్ గడప ఎక్కాలనిపించదు. అలవాటు అక్కడే మొదలవుతుంది. రక్తపోటు ఒక్కసారిగా పెరగడం, గుండె లయ తప్పడం, నిద్ర పట్టకపోవడం, కొందరిలో ఎవరో వెంటాడుతున్నారన్న భ్రమలు దాకా పోతుంది. పైగా ఇది దొంగ ల్యాబు సరుకు కాదు, అసలైన కంపెనీ మందే. ఆసుపత్రికి వెళ్లాల్సిన పెట్టె మధ్యలో ఎక్కడో దారి తప్పుతుంది. ఆ దారిలో మా వృత్తివాళ్లూ ఉన్నారు. ఆ మాట దాచి ఈ పేజీ రాయడం నాకు ఇష్టం లేదు.

వాడేది క్రీడాకారులేనా?

ఎక్కువమంది ఏ పోటీలోనూ దిగనివాళ్లు. అనేక దేశాల అధ్యయనాలను కలిపి 2014లో ప్రచురించిన లెక్క ప్రకారం జీవితంలో ఒక్కసారైనా అనబాలిక్ స్టెరాయిడ్ వాడినవాళ్లు మగవాళ్లలో 6.4 శాతం, ఆడవాళ్లలో 1.6 శాతం. అద్దం కోసం వాడేవాళ్లు, పెళ్లి ఫోటోల కోసం వాడేవాళ్లు, సన్నగా ఉన్నావని చిన్నప్పుడు పడ్డ మాట మరిచిపోలేనివాళ్లు. వాళ్లకు డోపింగ్ పరీక్ష ఉండదు, అడిగేవాడూ ఉండడు.

అలాగని మన క్రీడారంగం సంగతి గొప్పగా ఏమీ లేదు. 2022లో భారత్‌లో పరీక్షించిన 3,865 నమూనాల్లో 125 పాజిటివ్ వచ్చాయి, అంటే 3.2 శాతం. 2023లో పరీక్షలు 5,606కు పెరిగితే పాజిటివ్ శాతం 3.8కి ఎక్కింది. పెద్ద సంఖ్యలో పరీక్షలు చేసే దేశాల్లో ఇంత ఎక్కువ ఎక్కడా లేదు. 2023 సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ పోటీలకు డోపింగ్ అధికారులు వచ్చారని తెలియగానే చాలామంది మాయమయ్యారు. పురుషుల 100 మీటర్ల ఫైనల్లో ఒక్కడే పరుగెత్తాడు. స్టేడియం మరుగుదొడ్లలో వాడి పారేసిన సిరంజీలు దొరికాయి. నవ్వు వస్తుంది, నిజమే. కానీ స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగమో పోలీసు ఉద్యోగమో వస్తే ఇంటిల్లిపాదీ గట్టెక్కే కుటుంబాల పిల్లలు వాళ్లు. ఒక్క సెకను తేడాకు అంత ధర పలికే చోట సిరంజీలు దొరకకపోతేనే ఆశ్చర్యం.

మా ట్రైనర్ చాలా మంచివాడు, ఆయనే ఇచ్చాడు. నమ్మకూడదా?

మనిషి మంచివాడే కావచ్చు. అతనికి వచ్చే జీతం తక్కువ, సీసా మీద వచ్చే లాభం ఎక్కువ. సలహా ఇచ్చేదీ, అమ్మేదీ, సూది గుచ్చేదీ, వికటిస్తే విరుగుడు చెప్పేదీ ఒక్కరే అయినప్పుడు ఆ నాలుగు పనుల్లో ఏదో ఒకటి చెడిపోక తప్పదు. ఒకసారి జిమ్ బనియన్ వేసుకున్న కుర్రాడు వచ్చి టామాక్సిఫెన్ అడిగాడు. అది రొమ్ము క్యాన్సర్ మందు. ఎక్కువైన టెస్టోస్టెరాన్‌లో కొంత ఒంట్లో ఈస్ట్రోజెన్‌గా మారి మగవాళ్లకూ రొమ్ములు ఉబ్బుతాయి కదా, దానికి 'మా అన్న' రాసి ఇచ్చాడట. చీటీ ఎక్కడ అంటే వాట్సాప్ సందేశం చూపించాడు.

తెలియక తీసుకున్నానంటే క్రీడల్లో చెల్లదు. 2011లో మన మహిళా 400 మీటర్ల పరుగు బృందంలో ఆరుగురు స్టెరాయిడ్ పరీక్షలో దొరికారు. వారిలో అంతకు ముందు ఏడాది కామన్వెల్త్, ఆసియా క్రీడల రిలే స్వర్ణాలు గెలిచినవాళ్లూ ఉన్నారు. కోచ్ చైనాలో కొని ఇచ్చిన జిన్‌సెంగ్ క్యాప్సూళ్ల వల్లే జరిగిందని వాదించారు. మొదట ఏడాది నిషేధం పడింది. అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం దాన్ని రెండేళ్లు చేసింది.

ప్రోటీన్ పొడి కూడా ఇలాంటిదేనా?

కాదు. అది పాలనుంచి తీసిన ఆహారం. కాకపోతే తెలిసిన కంపెనీది, బిల్లుతో కొనండి. 'పది రోజుల్లో ఫలితం' అని రాసి ఉన్న డబ్బా దగ్గర మాత్రం ఆగి ఆలోచించండి. ఆహారం పది రోజుల్లో అంత పని చేయదు.

ఒంటికి నిజంగా ఎంత హాని? భయపెడుతున్నారా?

ఒక్క డోసుతో ఎవరూ కుప్పకూలరు. అందుకే భయపెట్టే మాటలు జిమ్‌లో చెల్లవు, పక్కన వాడుతున్నవాడు ఎద్దులా కనిపిస్తుంటాడు. హాని లోపల, నిదానంగా జరుగుతుంది. బయటి నుంచి హార్మోను వస్తుంటే మెదడు వృషణాలకు 'ఇక పని ఆపండి' అని కబురు పంపుతుంది. వీర్యకణాల సంఖ్య పడిపోతుంది, వృషణాలు చిన్నబోతాయి. మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది, రక్తం చిక్కబడుతుంది, గుండె కండ మందమవుతుంది. చేతి కండ పెరిగితే అద్దంలో కనిపిస్తుంది. గుండె కండ పెరిగితే ఎకోలో తప్ప కనిపించదు. మాత్రల రూపంలో మింగేవి కాలేయానికి ప్రత్యేకంగా చేటు.

డెన్మార్క్‌లో జిమ్ములకు వెళ్లేవాళ్లకు కూడా డోపింగ్ పరీక్షలు చేస్తారు. ఆ పుణ్యమా అని గట్టి లెక్క ఒకటి దొరికింది. అక్కడ స్టెరాయిడ్ పరీక్షలో దొరికిన 1,189 మంది మగవాళ్లను సగటున 11 ఏళ్లు గమనించి, అదే వయసు మామూలు మగవాళ్లతో పోల్చారు. చనిపోయే అవకాశం వాళ్లలో దాదాపు 2.8 రెట్లు ఎక్కువ. ఈ అధ్యయనం 2024లో వెలువడింది. గమనించడం మొదలుపెట్టినప్పుడు సగటున వాళ్ల వయసు ముప్పై కూడా దాటలేదని గుర్తుంచుకోండి.

కొవ్వు కరిగించే డీఎన్‌పీ గురించి విన్నాను…

విన్నంతవరకు చాలు. డైనైట్రోఫినాల్ పేలుడు పదార్థాల తయారీలో వాడిన రసాయనం. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఫ్రాన్స్ ఆయుధ కర్మాగారాల కార్మికులు దానివల్ల ఒళ్లు కాగి చనిపోయారు. 1930లలో అమెరికాలో బరువు తగ్గే మందుగా అమ్మి, 1938లో మానిపించారు. ఒంట్లో శక్తిని వేడిగా వృథా చేయడమే అది చేసే పని. మోతాదు కాస్త దాటితే జ్వరం ఆగదు, విరుగుడు మందు లేదు. బ్రిటన్‌లో యువతీయువకులు చనిపోయాక 2023లో దాన్ని నియంత్రిత విషాల జాబితాలో చేర్చారు. మిగతా అన్ని ప్రశ్నలకూ 'ఒకవేళ', 'అయితే' అని జవాబు చెప్పాను. దీనికి చెప్పను. ముట్టుకోవద్దు.

చట్టం ఏమంటుంది?

మన దేశంలో ఇవి గంజాయి, హెరాయిన్ల చట్టం కిందికి రావు. డాక్టరు చీటీ మీద మాత్రమే అమ్మాల్సిన మందులు. లైసెన్సు లేకుండా అమ్మితే 1940 నాటి ఔషధ చట్టం కింద మూడు నుంచి ఐదేళ్ల దాకా జైలు, కనీసం లక్ష రూపాయల జరిమానా. 2022 నాటి జాతీయ డోపింగ్ నిరోధక చట్టం క్రీడాకారుల పరీక్షలకు, నిషేధాలకు సంబంధించినది. జిమ్‌కు వెళ్లే మామూలు మనిషిని అది తాకదు. బ్రిటన్‌లో సొంతానికి దగ్గర ఉంచుకోవడం నేరం కాదు, అమ్మడం నేరం.

అమెరికా సంగతి వేరు. చదువుకు వెళ్లే మన పిల్లల సామానులో ఎవరో స్నేహితుడి కోసం నాలుగు సీసాలు పెట్టి పంపే అలవాటు ఉంది, 'ఇక్కడ చవక' అని. అక్కడ టెస్టోస్టెరాన్ నియంత్రిత మాదకద్రవ్యం. పక్కవాడి సీసాలు విమానాశ్రయంలో మీ పెట్టెలో దొరికితే జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

వాడుతున్నాను. మానేయాలనుకుంటున్నాను. డాక్టరు తిడతారేమో?

తిట్టవచ్చు. అయినా వెళ్లండి. హార్మోన్ల వైద్యుడు, అంటే ఎండోక్రైనాలజిస్టు దగ్గరికి వెళ్లి ఏమేమి, ఎన్ని నెలలు వాడారో దాచకుండా చెప్పండి. మానేసిన కొత్తలో సొంత హార్మోను ఇంకా మేలుకోదు. నీరసం, దిగులు, కోరిక లేకపోవడం, కండ జారిపోతున్నట్టు అనిపించడం, అన్నీ ఒకేసారి వస్తాయి. చాలామందిలో నెలల్లో సర్దుకుంటుంది, కొందరిలో ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. మళ్లీ సూది పట్టించేది సరిగ్గా ఆ దిగులే. బతకాలని లేదన్న ఆలోచన వస్తే అది మందు మానేసిన మెదడు మాట అనుకొని ఆ రోజే ఎవరికైనా చెప్పండి.

నెదర్లాండ్స్‌లోని హార్లెమ్‌లో స్టెరాయిడ్లు వాడేవాళ్ల కోసమే ఒక ఆసుపత్రి విభాగం ఉంది. నీతులు చెప్పరు, రక్తపరీక్షలు చేస్తారు, గుండె చూస్తారు. మన దగ్గర తిట్టే డాక్టరుకూ తిట్టని ట్రైనర్‌కూ మధ్య కుర్రాడు ఎవరి దగ్గరికి వెళతాడో ఊహించడానికి పెద్ద చదువు అక్కరలేదు. మా డాక్టర్లతో నాకున్న ఒకే ఒక్క పాత తగాదా ఇది.

ఇంట్లో సీసా దొరికింది. ఏమి చేయాలి?

ముందు పారేయవద్దు. పిల్లవాడికి జ్వరం గాని, సూది గుచ్చిన చోట వాపు, ఎర్రదనం గాని, గుండె దడ, కళ్లు పచ్చబడటం గాని ఉంటే సీసాను వెంట తీసుకొని అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. సీసా మీద పేరు ఏదున్నా 'ఇది లైసెన్సు లేని చోట కొన్నది, లోపల ఏముందో తెలియదు' అని డాక్టరుకు చెప్పండి. అది వినకపోతే ఆయన లేబుల్‌ను నమ్మి వైద్యం చేస్తారు. ఇలాంటి లక్షణాలేవీ లేకపోతే సీసాకు నాలుగు వైపులా ఫోటో తీసి, తెలిసిన మందుల దుకాణానికి పట్టుకెళ్లి లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీదారు పూర్తి చిరునామా ఉన్నాయేమో చూపించండి. పిల్లవాణ్ని అడగడం ఆ తర్వాత. అడిగేటప్పుడు 'ఎందుకు వాడావు' అనడం కన్నా 'ఎవరు ఇచ్చారు, ఎన్ని వేసుకున్నావు, సూది ఇంకెవరితోనైనా పంచుకున్నావా' అని అడగండి. చివరి ప్రశ్నకు అవునంటే హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించాలి. మొదటిసారి ఏమీ లేదని వచ్చినా, మళ్లీ ఎప్పుడు చేయించాలో డాక్టరును అడిగి తేదీ రాసిపెట్టుకోండి.